ఇరవై ఒకటో మాస్కు

నిజామాబాద్‌లో అనిల్‌కుమార్ సేటు చేయని వ్యాపారం లేదు, నిలబెట్టిన వ్యాపారమూ లేదు. ఈమూ పక్షులను పెంచాడు. అవి గుడ్లు పెట్టేలోపే ఆ మోజు పోయింది. డ్రాగన్ పండ్ల తోట వేశాడు. పండ్లకంటే ముందు, పండ్ల పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు ఊరంతా తిరిగాయి. బోధన్ రోడ్డులో వల కట్టి బాక్స్ క్రికెట్ పెట్టాడు. నెల తిరక్కుండా అదే రోడ్డులో మరో నాలుగు వలలు లేచాయి. ఇన్నింటి మధ్య కదలకుండా నడుస్తున్నది వాళ్ళ నాన్న పెట్టిపోయిన ఆటవస్తువుల దుకాణం ఒక్కటే. కారణం పెద్దదేమీ కాదు. ఆ దుకాణంలో సేటు రోజుకు గంటకంటే ఎక్కువ కూర్చోడు. మిగతా గంటలు నిరోష ఉంటుంది.

నిరోషకు ఇరవై మూడేళ్ళు. ఎడపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది, దీపాల వేళకు బస్సెక్కి పోతుంది. మాట తక్కువ. ఎవరైనా షటిల్ బ్యాట్ అడిగితే నాలుగు రకాలు బల్లమీద పెట్టి చేతులు కట్టుకుంటుంది. "పిల్ల మూగదా సేటూ?" అని ఒకాయన అడిగాడు కూడా. సేటు నవ్వి ఊరుకున్నాడు. మూగది కాదని చెప్పడానికి ఆమె నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆయనకు బ్యాట్ పట్టుకోవడం రాదన్న మాట కూడా బయటికి వచ్చేది.

నోరు విప్పదు కాబట్టి చూస్తుంది. చూసిందంతా లోపల దాచుకుంటుంది. క్రికెట్ బ్యాటు కొనడానికి వచ్చిన ప్రతివాడూ దాన్ని నేలమీద మూడుసార్లు టకటకలాడిస్తాడు. ఎందుకు కొడుతున్నాడో వాడికి తెలియదు, టీవీలో కొడతారు. ఆ తర్వాత చెక్కను చూడడు, స్టిక్కర్ చూసి కొంటాడు. జిమ్‌లో చేరకముందే జిమ్ గ్లౌజులు కొనేవాళ్ళు వస్తారు. ఆ గ్లౌజులు మోటార్‌సైకిల్ హ్యాండిల్ మీద అరిగిపోతాయి తప్ప ఇనుము ముట్టవు. నిరోష ఎనిమిదేళ్ళలో వీళ్ళను వేలమందిని చూసింది. ఏ ఒక్కడూ "నాకేది పనికొస్తది?" అని అడగలేదు. "ఏది మస్తుగుంటది?" అనే అడిగారు.

ఆగస్టులో సేటుకు కొత్త పురుగు తొలిచింది. హైదరాబాద్‌లో బావమరిది కొడుకు పుట్టినరోజుకు పోయి పెయింట్‌బాల్ ఆడివచ్చాడు. రెండు జట్లు టైర్ల చాటునా, డ్రమ్ముల చాటునా దాక్కుని గాలి తుపాకులతో రంగు గోలీలు కొట్టుకునే ఆట అది. గోలీ తగిలి, పగిలి, బట్టకు రంగంటితే ఆ మనిషి ఔట్. సేటు మొదటి నిమిషంలోనే ఔటయ్యాడని బావమరిది కొడుకు వీడియో పెట్టాడు. అయినా ఆయన వెనక్కి వచ్చేసరికి సైన్యంలో పదేళ్ళు చేసి వచ్చినవాడిలా నడుస్తున్నాడు.

"బోధన్ రోడ్డుల ఎవనికీ లేదు," అన్నాడు దుకాణంలోకి వస్తూనే. "జానకంపేట కాడ లింబయ్య చెరుకు చేను ఈ ఏడు పంటెయ్యక పడావు పెట్టిండు. దసరాకు ఓపెనింగ్."

సలహాకు ప్రేమ్‌ను పిలిచాడు. ప్రేమ్ జిమ్‌లో మాస్టారు. పైసగం దున్నపోతు, కింది సగం కొంగ. ఏ విషయమైనా తెలియదనడం అతని వంశంలో లేదు.

"సేటన్నా, ఫోన్ల నేను మూడేండ్లు తుపాకులాట ఆడిన. ఏ తుపాకి ఎంత దూరం కొడ్తదో నిద్రల లేపి అడుగు, చెప్త."

"నీమీదనే భరోసా పెట్టుకున్న ప్రేమ్."

ఫోన్‌లో బొటనవేళ్ళతో మూడేళ్ళు యుద్ధం చేసినవాడి మీద పెట్టుకున్న ఆ భరోసాను నిరోష బల్ల వెనక నిలబడి చూసింది. చూసి, షటిల్ కాక్‌ల డబ్బా తుడిచింది.

రెండు రోజులకు హైదరాబాద్ డీలర్ ఒక నమూనా సెట్టు, ఒక పుస్తకం పంపించాడు. సెట్టులో ఒక తుపాకి, దానిమీద గోలీలు పోసే డబ్బా, గ్యాసు సిలిండర్, గొట్టం తుడిచే బ్రష్షు, ముఖం మొత్తం కప్పే ఒక మాస్కు ఉన్నాయి. మగవాళ్ళిద్దరూ తుపాకిని లాక్కున్నారు. ప్రేమ్ దాన్ని భుజానికానించి, ఒక కన్ను మూసి, రోడ్డుమీద పోతున్న అరటిపండ్ల బండివాడిని ఊరికే చంపేశాడు. సేటు దాన్ని పట్టుకుని ఆరు ఫోటోలు దిగాడు. తుపాకి మీద దుర్భిణి లాంటి గొట్టం ఒకటి ఉంది. ప్రేమ్ అందులోంచి చాలాసేపు చూసి, "ఏం క్లియరుంది సేటన్నా! అంతా దగ్గరికొచ్చినట్టున్నది!" అన్నాడు. వాళ్ళు చాయ్ తాగడానికి వెళ్ళాక నిరోష ఆ గొట్టంలో వేలు పెట్టి చూసింది. వేలు ఇటునుంచి అటు బయటికి వచ్చింది. అందులో అద్దమే లేదు.

తర్వాత పుస్తకం తెరిచింది. అంతా ఇంగ్లీషు. పదో తరగతితో ఆగిన చదువు ఆమెది. తెలియని మాటను ఫోన్‌లో కొట్టి, అర్థం చూసి, పెన్సిలుతో పక్కన రాసుకుంటూ పోయింది. మొదటి సెట్టు కొనేవాళ్ళకు అని మొదలయ్యే మొదటి పేజీలో తుపాకి లేదు. మాస్కు ఉంది. ముందు మాస్కు, అన్నింటికంటే మంచిది కొనండి, తుపాకి చివర కొనండి, తుపాకి అద్దెకు తెచ్చుకున్నా నడుస్తుంది, కన్ను అద్దెకు దొరకదు అని రాసి ఉంది. మాస్కు నుదురు నుంచి గడ్డం దాకా, చెవులను కూడా కప్పాలి. అద్దం రెండు పొరలుండాలి, లేకపోతే ఊపిరి ఆవిరి పట్టి కనబడదు, కనబడకపోతే మనిషి ఆట మధ్యలో మాస్కు పైకి లేపుతాడు, కన్ను పోయేది అప్పుడే. మోటార్‌సైకిల్ అద్దాలు, వెల్డింగ్ అద్దాలు పనికిరావు. గోలీ సెకనుకు తొంభై గజాలు పోతుంది.

ఆ పేజీ అంచులు కొత్తగా, మడత పడకుండా ఉన్నాయి. తుపాకుల పేజీ మాత్రం అప్పటికే చాయ్ మరకతో నలిగిపోయింది.

నిరోష ఆ మొదటి పేజీని నాలుగుసార్లు చదివింది. కన్ను గురించి ఆమెకు ఏ పుస్తకమూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి చంద్రయ్య బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చేసిన పని హోటల్లో కూర్చుని "వచ్చే సీజన్‌కు తెరుస్తరట" అనడం. ఏటా కొత్త వార్తలా అంటాడు. తల్లి సత్తవ్వ చెరుకు కొట్టడానికి పోయింది. చెరుకు ఆకు అంచు రంపం. ఒకరోజు వంగి కొడుతుంటే ఆకు తిరిగి కుడికంట్లో గీసింది. చేను రైతు నీళ్ళు కొట్టమన్నాడు. పక్క మడిలో ఆమె ఏదో పసరు పిండింది. ఊరి డాక్టరు చుక్కలిచ్చాడు. వారం దాటాక నిజామాబాద్ తీసుకొస్తే పెద్దడాక్టరు "పువ్వు వేసింది, ఇంకేం లేదు" అన్నాడు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, పెసరగింజంత. ఆ ఏడు నిరోష ఇంటర్‌లో చేరాలి. తల్లి చెయ్యి పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగేసరికి కాలేజీ ఏడాది గడిచింది. మరుసటి ఏడు చదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తల్లికి చూపులేని కుడిపక్క నడవడం మాత్రం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పటికీ ఎవరితో నడిచినా తెలియకుండానే కుడిపక్కకు చేరుతుంది.

మూడోరోజు ఆర్డరు రాయడానికి కూర్చున్నారు. సేటు చేతిరాత సేటుకే అర్థం కాదు కాబట్టి రాసేది నిరోష.

"రాయి పిల్లా," అన్నాడు సేటు.

ఆమె అప్పటికే ఒకటో వరుస రాసేసింది. మాస్కులు, ఇరవై.

ప్రేమ్ తొంగిచూశాడు. "గిదేంది? ముందుగాల మాస్కులా? పెండ్లికి పోయెటోడు ముందుగాల చెప్పులు కొంటడా?"

సేటు కడుపు పట్టుకుని నవ్వాడు. ప్రేమ్ మాటకు నవ్వకపోతే తనకు తుపాకుల సంగతి తెలియదని అనుకుంటారేమోనని ఆయన భయం.

"మాస్కులు కొట్టెయ్ సేటన్నా. గవ్వి ఒక్కొక్కటి తుపాకిల మూడోవంతు గుంజుతున్నయి. గా పైసలతోని ఇంకో ఆరు తుపాకులొస్తయి. మొత్తం ఇరవై. జనం వచ్చేది తుపాకి పట్టుకుంటందుకు గని, మొకం దాసుకుంటందుకు కాదు."

"సేటూ, కండ్లు..." అంది నిరోష. మాట అక్కడికి వచ్చి ఇంకిపోయింది.

"కండ్లకేమైతది?" ప్రేమ్ ఉసిరికాయంత గోలీని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. అది మెత్తగా లొంగింది. "సూడు, సొట్టపోతున్నది. గీ మెత్తటి గోలీ ఏం జేస్తది? అయినా అద్దాలకేమన్న కరువా? బస్టాండ్ కాడ హెల్మెట్లమ్మెటోడు మన దోస్తే. గాగుల్స్ డజన్ల లెక్కనిస్తడు."

ఈ జిల్లాలో హెల్మెట్ అన్నది పోలీసు కోసం కొనే వస్తువు. కెమెరా కనబడగానే మోచేతి నుంచి తలమీదికి ఎక్కుతుంది, కెమెరా దాటగానే ట్యాంకు మీదికి దిగుతుంది. తలకాయకూ దానికీ ఏ సంబంధమూ ఉన్నట్టు ఎవరూ అనుకోరు. సేటు హెల్మెట్ మూడేళ్ళుగా బండి అద్దానికి వేలాడుతోంది, అందులో ఒక సాలీడు సంసారం చేస్తోంది. అలాంటి మనుషులు అద్దాలను కూడా అలాగే కొన్నారు. ఎవరైనా అడిగితే చూపించడానికి.

నిరోష ఒకటో వరుస మీద గీత పెట్టింది. గీత పెట్టిన చెయ్యి తనదే. ఆ సంగతి ఆమెను చాలా రోజులు వదల్లేదు.

సెప్టెంబర్ చివర సరుకు వచ్చింది. సిలిండర్లలో గ్యాసు నింపించడానికి ప్రేమ్ బోధన్‌లో గోలీసోడా చేసే ఆయన దగ్గరికి పట్టుకుపోయాడు. మొత్తం వ్యవహారంలో ఆ ఒక్క పని సవ్యంగా జరిగింది, ఎందుకంటే దాన్ని చేసింది సోడా ఆయన. మధ్యాహ్నం గిరాకీ లేని వేళల్లో నిరోష తుపాకులను ఒక్కొక్కటే విప్పి, పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ తుడిచి, మళ్ళీ బిగించేది. ఏ రబ్బరు ఎక్కడిదో, ఏ స్ప్రింగు ఎటు తిరగాలో వారంలో చేతికి వచ్చేసింది. ఒకరోజు దుకాణం వెనక గోడకు బూట్ల అట్టడబ్బా ఒకటి ఆనించి, పది అడుగుల నుంచి కొట్టింది. గోలీ అట్టను చీల్చుకుని లోపల పగిలింది. ఆమె ఆ డబ్బాను తెచ్చి, చిల్లు పైకి కనబడేటట్టు సేటు కుర్చీ ముందు పెట్టింది. మాట రాదు కాబట్టి అది ఆమె మాట.

సేటు వచ్చి, కూర్చుని, డబ్బాను చూసి, "ఎలుకలెక్కువైనయి. మందు పెట్టు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సత్తవ్వ రొట్టెలు కొడుతుంటే నిరోష అంతా చెప్పింది. చంద్రయ్య మంచం మీంచి, "మనకెందుకే, పెద్దోళ్ళ ఆట," అన్నాడు. సత్తవ్వ ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. రొట్టె పెనంమీద వేసి కూతురిని అడిగింది.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన అవ్వా."

"వాళ్ళకు వినబడెటట్టు చెప్పినవా?"

నిరోష వంగి పెనంమీద రొట్టెను తిరగేసింది.

దసరా రోజు లింబయ్య చేను తోరణాలతో వెలిగింది. చెరుకు మోళ్ళ మధ్య టైర్లు పేర్చారు, డ్రమ్ములు నిలబెట్టారు. కాలేజీ పిల్లలు పదిమంది, ప్రేమ్ జిమ్ కుర్రాళ్ళు పదిమంది మొదటి ఆటకు వచ్చారు. ఆయుధపూజ రోజు ఆయుధాలున్నవాడు పూజ చేయకుండా ఉంటాడా? ఇరవై తుపాకులనూ కొత్త బట్ట మీద వరసగా పేర్చారు. ప్రేమ్ ఒక్కోదానికీ పసుపు పట్టించి, బొట్లు పెట్టి, గొట్టం మూతిలో కూడా కుంకుమ అద్దాడు. అయ్యగారు అక్షింతలు వేయమనగానే సేటు పిడికెడు పిడికెడు చొప్పున, లోభం లేకుండా, గోలీల డబ్బాల మూతలు తెరిచి మరీ వేశాడు. తడి పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. వారం రోజులు తాను బ్రష్షుతో, గుడ్డతో, ఊపిరి బిగబట్టి తుడిచిన గొట్టాల్లోకి ఆ బియ్యం జారుతుంటే నిరోష చూసింది. దేవుడి పేరు మీద జరుగుతున్న చెత్తపని కాబట్టి ఎవరూ దాన్ని చెత్తపని అనలేదు.

పూజ అయ్యాక ప్రేమ్ గాగుల్స్ పంచాడు. నల్ల రబ్బరు తాడు, ముందు పల్చటి అద్దం. కుర్రాళ్ళు అవి పెట్టుకుని ఒకరి ఫోటో ఒకరు తీసుకున్నారు. కాలేజీ పిల్లల్లో అఖిల అని ఒక సన్నటి అమ్మాయి ఉంది. అద్దాలను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, గోరుతో కొట్టి చూసింది. చుట్టూ చూసింది. ప్రేమ్‌ను అడగలేదు, సేటును అడగలేదు. బల్ల దగ్గర నిలబడిన నిరోష దగ్గరికి వచ్చింది.

"అక్కా, గీ అద్దం దెబ్బకు ఆగుతదా?"

ఎనిమిదేళ్ళలో ఒక మనిషి ఆమెను ఒక వస్తువు పనికొస్తుందా అని అడగడం అదే మొదటిసారి.

"ఆగది," అంది నిరోష.

వినబడేటట్టే అంది. జిమ్ కుర్రాళ్ళు తల తిప్పారు. ప్రేమ్ నవ్వుతూ వచ్చాడు.

"ఏందే, పండుగ పూట గిట్ల పోరగాండ్లను భయపెడ్తున్నవ్? తుపాకి ముట్టినవా నువ్వు ఎన్నడన్న?"

నిరోష గేటు వైపు నడిచింది. అక్కడ దిష్టి తీసి కొట్టడానికి తెచ్చిన బూడిద గుమ్మడికాయ ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పోయి టైర్ల వరస మీద పెట్టింది. అఖిల చేతిలోని గాగుల్స్ తీసుకుని దానికి తొడిగింది. గుండ్రటి ముఖానికి అద్దాలు పెట్టినట్టు, గుమ్మడికాయ అచ్చం సేటులా కనబడింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏ పిల్లా, దిష్టి గుమ్మడికాయ అది!" అని అరిచాడు సేటు. "ముట్టుకోకు! ముహూర్తం..."

ఆమె వరసలో మొదటి తుపాకి తీసుకుంది. నమూనా సెట్టుతో వచ్చిన ఒక్కగానొక్క మాస్కు బల్ల కింద ఉంది. అది పెట్టుకుంది, ముందున్న వాళ్ళను చేత్తో పక్కకు జరిపింది, ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది, అంతే.

"సూసిండ్రా!" ప్రేమ్ తొడ చరుచుకున్నాడు. "ఆడిదాని చెయ్యి తగిలేసరికి తుపాకి అలిగింది!"

కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. మాస్కు వెనక ముఖం కనబడదు. సిగ్గుపడే మనిషికి అదెంత సౌకర్యమో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆమె సిలిండర్ విప్పి, గొట్టం తీసి, తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. పసుపు ముద్ద, దానికంటుకుని ఇరవై ముప్ఫై బియ్యపు గింజలు రాలాయి. ఆ అరచేతిని ప్రేమ్ ముఖం ముందు ఒక నిమిషం పట్టుకుంది. తర్వాత బ్రష్షు దూర్చి తుడిచి, బిగించి, కొత్త గోలీలు పోసి, పన్నెండు అడుగులు కొలిచి వెనక్కి నడిచింది. కొట్టింది.

టప్పుమన్న చప్పుడు పెద్దదేం కాదు. గాగుల్స్ అద్దం ముక్కలై పోయింది. పసుపుపచ్చ రంగు గుమ్మడికాయ మీద కారుతుంటే, కన్ను ఉండవలసిన చోట వేలెడు పొడుగు గాజుముక్క నిటారుగా దిగి నిలబడింది.

అఖిల గుమ్మడికాయ దగ్గరికి పోయి ఆ ముక్కను చూసి, తన పక్కనున్న స్నేహితురాలి ముఖం మీంచి గాగుల్స్ లాగి కింద పడేసింది. తర్వాత ఒక్కొక్కరే తీశారు. అందరికంటే ముందు, ఎవరూ చూడకుండా, తీసి జేబులో పెట్టుకున్నది ప్రేమ్. నిరోష చూసింది.

"ముహూర్తం పాడుచేసినవ్ గదనే!" సేటు టైర్ల వైపు ఉరికాడు. ఆయనకు గుమ్మడికాయ దుఃఖం. కన్ను గురించిన ఆలోచన ఇంకా ఆయన దాకా రాలేదు. "రేపటి నుంచి దుకాణానికి రాకు. పో!"

ఆమె మాస్కు తీసి, అద్దానికి గీత పడకుండా సంచిలో పెట్టి, బల్లమీద ఉంచి, రోడ్డెక్కింది. జానకంపేటలో బస్సు వచ్చేదాకా అరచేతికి అంటిన పసుపును రుద్ది తీసేసింది.

సత్తవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "వినబడ్డదా?"

"వినబడ్డది."

"ఇగ తిను."

వారం గడిచింది. ఆ వారంలో ప్రేమ్ ఇరవై తుపాకులనూ బాగుచేస్తానని కూర్చున్నాడు. మూడింటిని విప్పాడు. విప్పిన మూడింటిని కలిపి రెండు చేశాడు, ఆ రెండూ పేలలేదు. మిగిలిన స్ప్రింగులను చేతిరుమాలులో మూటకట్టి, జిమ్‌లో అర్జెంటు పని ఉందని వెళ్ళిపోయాడు. నెయ్యి, పసుపు, బియ్యం కలిసి గొట్టాల్లో గట్టిపడి గారెపిండిలా పట్టేశాయి. డీలర్‌కు ఫోన్ చేస్తే, తుపాకుల్లో బియ్యం ఎందుకు పోశారని అడిగాడు. సేటు ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిదో రోజు సేటు బండి ఎడపల్లి సందులో ఆగింది. హెల్మెట్ యథాప్రకారం అద్దానికి వేలాడుతోంది. చంద్రయ్య ఉరుకులు పరుగుల మీద కుర్చీ వేశాడు. "సేటూ, పిల్ల తెల్వక చేసింది," అన్నాడు, అడగకముందే.

"తెలిసే చేసింది," అంది సత్తవ్వ లోపలి నుంచి.

సేటు గొంతు సవరించుకున్నాడు. "ఏదో కోపంల అన్న. మనసుల పెట్టుకోకు నిరోషా. పని చాలున్నది. తుపాకులు జర..."

నిరోష లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. వారం కిందే రాసిపెట్టుకుంది. మాట్లాడడంకంటే రాయడం ఆమెకు తేలిక. అందులో ఒకటో వరుస, మాస్కులు, ఇరవై ఒకటి, రెండు పొరల అద్దం. రెండో వరుస, అవి వచ్చేదాకా ఆట లేదు. మూడో వరుస, మాస్కు లేకుండా ఎవరైనా లోపల అడుగుపెడితే, సేటైనా సరే, ఆట ఆగిపోతుంది. నాలుగో వరుస, పూజ బల్లకు చేయాలి, తుపాకికి కాదు.

సేటు చదివాడు. నాలుగో వరుస దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. అయినా మళ్ళీ పైకి వెళ్ళాడు. "ఆడెటోళ్ళు ఇరవై మంది గదా. ఇరవై ఒకటెందుకు?"

"ఏటా ఇచ్చే దసరా చీర ఈసారి ఇయ్యలే గదా నాకు," అంది నిరోష. "గా చీర వద్దు. గిది కావాలె."

"నువ్వు ఆడ్తవా ఏంది?" అని నవ్వబోయి, వాకిట్లో నిలబడి తన వైపే చూస్తున్న సత్తవ్వను చూశాడు. ఒక కన్ను నల్లగా, ఒక కన్ను తెల్లగా. ఆయనకు ఏమి అర్థమైందో కానీ నవ్వు పూర్తిచేయలేదు.

నవంబర్‌లో మాస్కులు వచ్చాయి. ప్రారంభం రెండోసారి జరిగింది. సేటు మైకు పట్టుకుని, "మా దగ్గర కండ్లకు ఫస్ట్ ప్రయారిటీ, నేను మొదటి నుంచి గదే చెప్తున్న," అన్నాడు. ప్రేమ్ పక్కన నిలబడి తలూపాడు. గుమ్మడికాయ ప్రయోగం తన ఆలోచనేనని అతను జిమ్‌లో చెప్పుకుంటున్నాడని తర్వాత తెలిసింది. నిరోష ఆశ్చర్యపోలేదు. అబద్ధంలో కూడా కొత్తదనం లేని మనిషి అతను. ఆమె గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి మాస్కు తాడు లాగి, చెవి కప్పిందా, గడ్డం కప్పిందా అని చూసి లోపలికి పంపింది. ఫోటో కోసం సేటు మాస్కు పైకి లేపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సేటు దించుకున్నాడు.

తనకు రావలసిన ఇరవై ఒకటోది ఆ ముందురోజే ఎంచుకుంది. డబ్బాలోంచి అన్నీ బయటికి తీసి, నేలమీద కూర్చుని, రెండు గంటలు చూసింది. ఒకదాని నురుగు అంచు గరుకుగా ఉంది, నుదుటి దగ్గర ఒరుసుకుంటుంది. ఒకదాని తాడు గట్టి, సిగ మీంచి పట్టదు. ఒకదానికి రంగు మెరుపు ఎక్కువ, ఎండలో కళ్ళు చెదురుతాయి. ప్రతిదాన్నీ పెట్టుకుని వంగి లేచింది, చెరుకు కొట్టేటప్పుడు వంగినంత కిందికి. జారినదాన్ని పక్కన పెట్టింది. పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిరి పట్టినదాన్ని పక్కన పెట్టింది. చివరికి ఒకటి మిగిలింది, బూడిదరంగుది, ఏ బొమ్మా లేనిది. ఈ దుకాణంలో అంతసేపు చూసి, అంత సవ్యంగా ఒక వస్తువును ఎంచుకున్న మనిషిని ఆమె అప్పటిదాకా చూడలేదు.

డిసెంబర్‌లో చెరుకు కోతలు మొదలయ్యాయి. బోధన్ ఫ్యాక్టరీ ముందు నుంచే చెరుకు లారీలు వేరే జిల్లాకు పోతున్నాయి. చంద్రయ్య హోటల్లో కూర్చుని వచ్చే సీజన్ గురించి చెబుతున్నాడు. ఒక ఆదివారం పొద్దున సత్తవ్వ కొడవలి పట్టుకుని, ముఖానికి ఆ బూడిదరంగు మాస్కు తగిలించుకుని మడిలో దిగింది. కూలి ఆడవాళ్ళు కొడవళ్ళు ఆపి విరగబడి నవ్వారు.

"ఏందే సత్తవ్వా, చంద్రమండలం పోతున్నవా?" అంది భీమవ్వ.

"జర మమ్ముల గిట్ట తీస్కపో!" అంది ఇంకొకామె.

చేను రైతు గట్టుమీంచి చూసి, చెరుకు కొట్టడానికి వచ్చావా, దొంగతనానికి వచ్చావా అని అడిగాడు. దానికీ నవ్వారు. నవ్వుతూనే భీమవ్వ తల విదిలించింది, అప్పుడే ఒక ఆకు ఆమె చెంపను గీసిపోయింది. కంటికి వేలెడు దూరంలో ఎర్రటి గీత లేచింది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

సత్తవ్వ ఆ గీతను మాస్కులోంచి ఒంటికంటితో చూసింది. "నవ్వుండ్రి," అంది. "నేను గిట్లనే నవ్విన."

తర్వాత వంగి కొట్టడం మొదలుపెట్టింది. ఆకులు ముఖానికి తగిలి టపటపమని చప్పుడు చేస్తూ జారిపోతున్నాయి. ఆదివారం సెలవు కాబట్టి నిరోష కూడా వచ్చింది. కొట్టిన చెరుకును మోపులు కడుతూ తల్లి వెంట నడుస్తోంది. కొంతదూరం పోయాక గమనించుకుంది, తాను ఈసారి తల్లికి ఎడమపక్క నడుస్తోంది.